ముగింపు తెలిసిన సినిమా

ముగింపు ఏమవుతుందోనని సినిమాకు పోయేవాళ్లే ఎక్కువ. నాకేమో ముగింపు తెలిసిన సినిమాల మీదే మక్కువ. తర్వాతేంటన్న ఆత్రం తీరినాకే అసలు ప్రశ్న పైకి తేలుతుంది: ఇది ఇంకోలా జరిగే వీలుండేదా? విధి, పురుషకారం అంటూ మన పెద్దలు వాదించుకున్నది దీని గురించే.

ఈ అలవాటుకు కడప జిల్లాలోని బ్రహ్మంగారి మఠం (బి.మఠం) కంటే తగిన చోటు నాకు తోచదు. ఒకప్పటి కందిమల్లాయపల్లె ఇది. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో ఇక్కడే సజీవసమాధి అయినారంటారు. ఏటా వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరుగుతుంది. ఆయన కథను ఎన్టీఆర్ తానే తీసి, తానే బ్రహ్మంగారై నటించాడు. స్వామి శిష్యుడు సిద్దయ్య వేషం బాలకృష్ణది. 1984లో 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' విడుదలయ్యేనాటికి ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. వేషం కట్టేవాళ్లు రాజ్యమేలుతారని స్వామి ఏనాడో చెప్పాడని జనం నమ్మిక. ఇంకేం, జోస్యం, సినిమా, రాజకీయం ఒక్కటైపోయినాయి.

జోస్యం ఫలించిందా లేదా అన్నది చిన్న ప్రశ్న. పెద్దది సిద్దయ్య కథలో ఉంది. సమాధి గడియ దగ్గరపడితే, శిష్యుడు తట్టుకోలేడని స్వామి అతన్ని పూలు తెమ్మని బనగానపల్లెకు పంపినాడట. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. జరగబోయేదంతా తెలిసినవాడికి, వచ్చినాక సిద్దయ్య ఎంత ఏడుస్తాడో తెలియదా? అయినా పంపినాడు. గడియ మారలేదు గానీ, దాన్ని కళ్లారా చూసే బాధ శిష్యుడికి తప్పింది.

ఇలాంటిదే ఇంకో కథ ఉంది. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో తీసిన 'ది సెవెన్త్ సీల్'లో ఒక యోధుడు మృత్యువుతో చదరంగం ఆడతాడు. ఓటమి ఖాయం. ఆట మధ్యలో పావుల్ని పడదోస్తాడు. మృత్యువు వాటిని సర్దుకునే లోపల ఒక నటుడి కుటుంబం తప్పించుకుపోతుంది.

రెండుచోట్లా ముగింపు మారలేదు. మిగిలిన కాస్త వెసులుబాటును ఇద్దరూ ఇంకొకరికోసం వాడినారు. సినిమా ఆఖరి దృశ్యం ముందే సిద్ధంగా ఉంటుందని తెలిసీ, తెరమీద మనిషి తేల్చుకునే క్షణాన మనం ఊపిరి బిగబట్టేది అందుకేనేమో. రాసిపెట్టి ఉందా లేదా అన్న వాదం ఎప్పటికీ తెగకపోవచ్చు. తెగినా తెగకపోయినా ఆ క్షణానికి విలువ తగ్గదు.

ఈసారి చూసేసిన సినిమానే మళ్లీ పెట్టుకోండి. ఎవరు గెలుస్తారన్నది పక్కనపెట్టి, ఎవరికి ఎవర్ని ఆదుకునే వీలుండిందో, ఆ వీలును ఏం చేసుకున్నారో గమనించండి.