మోటరు బందైనా మెలకువ పోలేదు

"సార్, మీరు మంచం మీద మస్తు సేపు ఉంటున్నారు." నిద్ర పట్టడం లేదని హైదరాబాదు కౌన్సెలరమ్మతో వీడియో కాల్‌లో మొరపెట్టుకుంటే ఈ వారం దక్కిన తీర్పిది. రెండు వారాలు నాతో నిద్ర డైరీ రాయించి లెక్క తేల్చింది: మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర అయిదు. ఇక రాత్రి 12కు ముందు నడుం వాల్చకూడదట, 5.30కి లేవాలట. పగటి కునుకు బంద్.

ఒళ్లు మండింది. మధ్యాహ్నం కునుకు తరఫున ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వకాల్తా పుచ్చుకున్నానో మీకు తెలుసు. ఫోన్‌తో నాకున్న పగా తెలుసు. నిద్ర చెడగొట్టేదీ అదే, మందూ అదేనా? ఏకేద్దామనే కూర్చున్నా. మధ్యలో మా బాపు గుర్తొచ్చాడు.

రామాయంపేట వైపు మా ఊళ్లో బోరు కరెంటు ఎక్కువగా రాత్రిళ్లే వచ్చేది. బాపు రెండింటికి లేచి, టార్చి పట్టుకుని పొలం పోయేవాడు. మోటరు వేసి, మడికి నీళ్లు మళ్లించి, గట్టు మీద బీడీ ముట్టించేవాడు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చింది, రాత్రి పొలం పోయే పని తప్పింది. బాపు మాత్రం రెండింటికే లేచి వాకిట్లో నులక మంచం మీద కూర్చునేవాడు. "పండు బాపూ" అంటే, "కండ్లు మూతపడ్తలేవురా" అనేవాడు. పొద్దున పది దాకా దొర్లేవాడు, రాత్రి మళ్లీ అదే కథ. వయసు అనుకున్నాం. డాక్టరుకు చూపించలేదు.

ఇప్పుడు అర్థమవుతోంది: నిద్ర పోగొట్టిన కారణం వేరు, నిద్రలేమిని నిలబెట్టే అలవాటు వేరు. మంచం మీద గంటలు తగ్గించే ఈ పద్ధతిని ఆర్థర్ స్పీల్‌మన్ బృందం 1987లోనే ప్రకటించింది. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు, ఈ పద్ధతీ భాగమైన మాటల చికిత్సే ఇవ్వమని అమెరికా వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మాటలూ లెక్కలే కాబట్టి ఫోన్‌లో సాగుతుంది. నా నిద్ర పోగొట్టిన మోటరేదో నాకూ తెలిసింది. మా ఆవిడ ఆపరేషనై రెండేళ్లు. ఆమె హాయిగా నిద్రపోతోంది, నేనింకా ఆస్పత్రి కాపలాలోనే ఉన్నా.

ఫోన్ మీద కేసు ఈ వారానికి వాపసు. డైరీ రాస్తున్నా.

మూర్ఛ ఉన్నవాళ్లు, రాత్రి బండి నడిపేవాళ్లు, గురకలో ఊపిరి ఆగేవాళ్లు డాక్టరును అడగకుండా ఇలా మంచం మీద గంటలు తగ్గించుకోవద్దు. మనసు బరువై నిద్ర రాకుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రి రెండింటికి కూడా.