కర్త ఎవరు?

ఇంగ్లీషు వ్యాకరణం అభ్యసించే బాలునికి తొలినాళ్ళలోనే ఒక సందేహం కలుగుతుంది. తననుగూర్చి చెప్పుకొనేటప్పుడు ‘ఐ’ అనవలెనా, ‘మీ’ అనవలెనా? కర్త అయితే ‘ఐ’, కర్మ అయితే ‘మీ’ అని సూత్రం. సూత్రం సులభమే, అనుభవానికి కర్త ఎవరన్నదే అసలు ప్రశ్న.

సూరతు నగరంలోని డిండోలి ప్రాంతాన్నే తీసుకొందాము. వస్త్ర పరిశ్రమలో పనికై తెలంగాణ నుండి వలసపోయిన కుటుంబాలు అక్కడ ఉన్నవి. అట్టి ఇంటి బాలుడు తల్లితో ‘నాకు ఆకలి వేసింది’ అంటాడు. వీథిలో గుజరాతీ నేస్తంతో ‘మనే భూఖ్ లాగీ’ అంటాడు. రెండింటిలోను కర్త ఆకలియే. మనిషి దానికి లోనైనవాడు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ‘కు’ ప్రత్యయాన్ని షష్ఠిలో చేర్చినది. అయినను ఇచ్చట అది అనుభవించేవానినే సూచిస్తున్నది. ఇంగ్లీషు పాఠంలో మాత్రం ఆ బాలుడు ‘ఐ యామ్ హంగ్రీ’ అనవలెను. మనిషి కర్తృస్థానం ఎక్కినాడు. ఆకలి అతని విశేషణమైనది.

ఇంగ్లీషు సైతం ఎల్లప్పుడును ఇట్లే లేదు. షేక్స్పియరు నాటకాలలో కనబడే ‘మీథింక్స్’ అన్న మాటకు ‘నాకు తోచుచున్నది’ అని అర్థం. అందలి ‘మీ’ మన ‘నాకు’ వంటిదే. ఇంగ్లీషు సర్వనామాలలో విభక్తులు తారుమారైన తీరును డేనిష్ పండితుడు యెస్పర్సన్ 1894లో ప్రకటించిన గ్రంథంలో విపులంగా చర్చించినాడు.

ఇది వ్యాకరణానికి మాత్రమే పరిమితమైన చర్చ కాదు. గుజరాతీ కథలో ఒక పాత్ర ‘మనే గుస్సో ఆవ్యో’ అన్నదనుకొందాము. ఇంగ్లీషు మూలంగా వచ్చే అనువాదకుడు దానిని ‘నేను కోపగించుకొన్నాను’ అని వ్రాయవచ్చును. మూలం చూచినవాడు ‘నాకు కోపం వచ్చింది’ అంటాడు. మొదటి వాక్యంలో కోపం ఆ పాత్ర చేసిన పని. రెండవదానిలో దానిపైకి వచ్చిపడిన అవస్థ. పాఠకుడు ఆ పాత్రకు విధించే శిక్షయే మారిపోతుంది.

అట్లని గుజరాతీ అంతటా తెలుగు వెంట నడుస్తుందనుకోరాదు. ‘మేఁ చోప్డీ వాంచీ’ అన్నప్పుడు క్రియ స్త్రీలింగమైన పుస్తకాన్ని అనుసరిస్తుంది. మన ‘చదివినాను’ చదివినవానినే చెప్పుతుంది. పోలిక ఉన్నచోట ఇంగ్లీషును మధ్యవర్తిగా నిలుపుకోవడం అనవసరం. లేనిచోట మూలాన్ని మరింత శ్రద్ధగా వినవలెను. డిండోలి బాలుడు దినదినము చేస్తున్న పని ఇదే. మన అనువాదకులు అతనినుండి నేర్చుకొనవలసినది కొంత ఉన్నది.