టోకున కరెంటు, చిల్లరగా వెలుగు

హైదరాబాద్ బేగంబజార్‌కు టోకు వ్యాపారం ఎవరూ నేర్పనక్కర్లేదు. బస్తాల్లో దిగిన పసుపు, కట్టలుగా వచ్చిన స్టీలు గిన్నెలు ఇక్కణ్నుంచే జిల్లాల దుకాణాలకు చేరతాయి. కరెంటును ఇదే లెక్కన అమ్మే సంస్థ సిరిసిల్లలో ఉంది. పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట ‘సెస్’. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర టోకున కొని, సొంత లైన్ల మీద ఇంటింటికీ, మోటారు మోటారుకూ ఇస్తుంది. సంస్థకు యజమానులు కరెంటు బిల్లు కట్టే సభ్యులే.

గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడ్డాక దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు సంఘాల్లో ఇదొకటి. నమూనా అమెరికా పల్లెల సహకార సంఘాలది. 1970లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో తర్వాత పుట్టిన ఇలాంటి సంఘాలు చాలావరకు డిస్కంలలో కలిసిపోయాయి.

సెస్ పనితనం తెలియాలంటే సాంచా పక్కన నిలబడాలి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. వోల్టేజీ పడిపోతే మోటారు నీరసిస్తుంది, నాడె అవతలి అంచుకు చేరకముందే ఆగుతుంది. మళ్లీ నడిపిస్తే ఆగిన చోట బట్ట మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. ఆ గీత ఉన్న తానుకు ధర తగ్గుతుంది. అంటే లైన్ ఎలా వేశారో బట్ట చెప్పేస్తుంది. పదకొండు వేల వోల్టుల లైన్‌ను కార్ఖానాల దగ్గరిదాకా తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి సాంచా దాకా తీగ పొడవు తగ్గించాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పంపిణీలో అసలు విద్య ఇదే.

నాకు అంతకన్నా గొప్పగా తోచే అతుకు మరొకటుంది. ఫ్యూజు పోయిందని ఫోన్ చేసేవాడూ, పాలకవర్గానికి ఓటు వేసేవాడూ ఒక్కడే. 2022 డిసెంబర్‌లో 15 డైరెక్టర్ పదవులకు ఎన్నికలు జరిగితే పార్టీలు అసెంబ్లీ ఎన్నికల స్థాయిలో తలపడ్డాయి. ఆ హంగామా నాకు నచ్చలేదు. అయినా కరెంటు సంస్థ పెద్దల్ని ఓటుతో దింపే వీలు హైదరాబాద్‌లో ఎవరికుంది?

సోలార్ కరెంటు విషయంలో బేగంబజార్‌కు కావలసింది ఆ అతుకే, వాడేవాళ్లే యజమానులు కావడం. ఇక్కడి గల్లీలు ఇరుకు, లోపలి గోదాములకు పట్టపగలే లైట్లు వేయాలి. ఎండ కాసే వేళా, దుకాణాలకు కరెంటు అవసరమయ్యే వేళా చాలావరకు ఒకటే. ఒక కిలోవాట్ సోలార్ పలకలకు సుమారు వంద చదరపు అడుగుల చోటు చాలు, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. చిక్కు కప్పు దగ్గరే. ఒక కప్పుకు నలుగురు వాటాదారులు, కింద పాత కిరాయిదారు, పక్కన లేచిన అంతస్తు నీడ. ఎవరికి వారు బిగించుకుంటే కొందరికే ఎండ దక్కుతుంది. ఎండ బాగా పడే పెద్ద కప్పుల మీద ఉమ్మడిగా పలకలు పెట్టి, యూనిట్లను వాటాల ప్రకారం బిల్లుల్లో తగ్గించుకునే ‘వర్చువల్ నెట్ మీటరింగ్’ పద్ధతికి ఢిల్లీలో 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. పాత గోడలు బరువు మోస్తాయా లేదా అన్నది మాత్రం ఇంజనీరే చూసి చెప్పాలి.

లెక్క రాయడం, వాటా పంచడం ఈ బజారుకు కొత్త కాదు. వర్తక సంఘాల పెద్దలు ఒకసారి సిరిసిల్ల బస్సెక్కి, సెస్ ఆఫీసులో కూర్చుని, సభ్యత్వ నియమాలు చదివి రావాలి.