సీజర్ నవ్వు, ఓడదొంగల నవ్వు

సముద్రపు దొంగల కథ కోసం ఎవరూ ప్లూటార్క్‌ని తెరవరు. గ్రీసులోని ఖైరోనియా అనే చిన్న ఊరివాడాయన. సుమారు 1900 ఏళ్ల కిందట గ్రీకు, రోమన్ ప్రముఖుల జీవితాలను జంటలుగా రాశాడు. చరిత్ర కోసం, మనుషుల శీలం తెలుసుకోవడం కోసం ఆయన్ని చదువుతారు. నేను చదివిన ఓడదొంగల కథల్లో మేలైనవి రెండు మాత్రం అక్కడే దొరికాయి.

మొదటిది సీజర్ జీవితంలో, తొలి పుటల్లోనే ఉంది. ఫార్మకూసా దీవి దగ్గర కుర్ర సీజర్‌ని సిలీషియా దొంగలు పట్టుకుని, వదిలిపెట్టడానికి 20 తలాంతుల సొమ్ము అడుగుతారు. ఎవరిని పట్టారో మీకు తెలియదని నవ్వి, 50 ఇస్తానంటాడు. బందీయే బేరం పెంచడంతో ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. రచయిత వేరే వర్ణన చెయ్యడు, చెయ్యనక్కర్లేదు కూడా. తను పడుకునే వేళ గోల ఆపమని సీజర్ దొంగలకు కబురు పంపుతాడు. వాళ్ల ఆటల్లో కలుస్తాడు. పద్యాలు రాసి వినిపించి, మెచ్చనివాళ్లను మొహం మీదే మొరటువాళ్లని తిడతాడు. అందరినీ వేలాడదీయిస్తానని నవ్వుతూ బెదిరిస్తాడు. కుర్రతనం అనుకుని వాళ్లు ముచ్చటపడతారు. ఇలా 38 రోజులు! ఇదే కథ చెప్పిన రోమన్ రచయిత సూటోనియస్ దాదాపు 40 అంటాడు. ఆ 38లో ఎవరో వేళ్ల మీద లెక్కపెట్టిన నిజం కనిపిస్తుంది నాకు.

మిలేటస్ నుంచి సొమ్ము రాగానే విడుదల. వెంటనే ఓడలు సిద్ధం చేసుకుని తిరిగి వెళ్లి, ఇంకా లంగరు దగ్గరే ఉన్న దొంగల్లో చాలామందిని పట్టుకుంటాడు. దొరికిన సొమ్ము మీద కన్నేసిన అక్కడి రోమన్ గవర్నరు, శిక్ష సంగతి తీరిగ్గా చూద్దామంటాడు. సీజర్ ఆగడు. పెర్గమమ్ చెరలోంచి దొంగలను బయటికి తీయించి శిలువ వేయిస్తాడు. ముందు గొంతులు కోయించి దయ చూపాడని సూటోనియస్ చెబుతాడు. ప్లూటార్క్‌లో ఆ మాటే లేదు. వాళ్లు వేళాకోళం అనుకున్నదే జరిగిందని చెప్పి ఆగిపోతాడు. రక్తం గురించి ఒక్క మాట రాయకుండా ఒళ్లు జలదరింపజేయడం సామాన్యమైన పనితనం కాదు.

రెండోది రోమన్ సేనాని పాంపే జీవితంలో ఉంది. అక్కడ దొంగలకు వెయ్యికి పైగా ఓడలు, వెండి తొడిగిన తెడ్లు. దొరికినవాడు నేను రోమన్‌నని అరిస్తే భయం నటిస్తారు, కాళ్ల మీద పడతారు. మళ్లీ ఎవరూ పొరబడకుండా అంటూ రోమన్ చెప్పులు తొడిగి, రోమన్ పౌరుల పైవస్త్రమైన టోగా కప్పుతారు. తర్వాత నడిసముద్రంలో నిచ్చెన దించి, ఇక క్షేమంగా వెళ్లమంటారు. దిగనివాడిని తోసేస్తారు.

సీజర్ కథలో బందీ మాటను దొంగలు సరదా అనుకుని చచ్చారు. ఇక్కడ దొంగల సరదాను బందీ నిజమనుకుని చస్తాడు. క్రీ.పూ. 67లో పాంపే మూడు నెలలలోపే వీళ్లను అణచినదంతా ఆ తర్వాత వస్తుంది గానీ, ఆ నిచ్చెన ముందు ఆ యుద్ధం నాకు చప్పగా తోచింది. సీజర్ హత్య కోసం ఈ పుస్తకం పట్టుకునేవాళ్లు ముందు ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.