మూడు సందులు మూసిన చెరువు

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువుకు వెళ్లేవాళ్లలో చాలామంది వేలాడే వంతెన మీద ఫోటో దిగి వచ్చేస్తారు. వంతెన నిన్నమొన్నటిది. కాకతీయుల నాటి పనితనం చూడాలంటే కట్ట దగ్గరికి పోవాలి.

కట్ట అనగానే బారెడు పొడవున పోసిన మట్టి గుర్తొస్తుంది. ఇక్కడ చుట్టూ గుట్టలు, వాటి నడుమ నీళ్లు జారిపోయే ఇరుకు సందులు మూడు. ఆ మూడింటికే పొట్టి కట్టలు వేశారు. మిగతా కట్ట పని గుట్టలే చేస్తున్నాయి. తట్టెడు మట్టి ఎత్తకముందే ఎవరో ఈ అడవంతా కాలినడకన తిరిగి, వానాకాలం నీళ్లు ఎటు పోతున్నాయో చూసి ఉండాలి. అదే కాకతీయుల నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి మదనికల శిల్పాల ముందు గంటసేపు నిలబడే మనం, ఈ కట్ట మీద నడుస్తూ కూడా దాన్ని చూడం.

గుట్టల సందుల్లోకి నీళ్లు ఎక్కడంతో చెరువు అంచు వంకరటింకరగా సాగింది. గుట్టల కొనలు దీవులుగా మిగిలాయి. అంచు ఎన్ని వంకరలు పోతే అంత లోతులేని నీరు, అంత గడ్డి, అంత తుంగ. వరి కోసం కట్టలు వేసినవాళ్లు తెలిసో తెలియకో కొర్రమట్ట చేపకు ఇల్లు కట్టిపెట్టారు.

ములుగు ఎండలకు తట్టుకునే చేప కొర్రమట్ట. నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది, చెరువు ఎండితే తడి బురదలోనూ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దీని పనితనమూ తక్కువది కాదు. వానలు పడగానే జంట చేపలు గడ్డి మధ్య ఒంటితోనే చోటు శుభ్రం చేసి గూడు కడతాయి. గుడ్లు తేలుతాయి. వాటికి, అవి పగిలాక పిల్లలకు తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. పిల్లలు నారింజ ఎరుపులో గుంపుగా పైకి తేలుతుంటే, కింద పెద్ద చేప ఉందని పట్టేవాళ్లందరికీ తెలుసు. గాలం పడేదీ అక్కడే. కాపలా పోతే ఆ గుంపు మిగతా చేపలకు, కొంగలకు మేతవుతుంది.

ఈ వానాకాలం మత్తడి దుంకుతుంటే చూడ్డానికి వెళ్లండి. అంచున ఎర్రని పిల్లల గుంపు కనబడితే మాత్రం గాలం వేయకండి.