తెలుగు క్రైస్తవ కీర్తనలో సంబోధన: దేవునితో సాన్నిహిత్యానికి దొరికిన భాష, దొరకని భాష

క్రైస్తవ ప్రసంగాల్లో తరచుగా వినిపించే ‘దేవునితో వ్యక్తిగత సంబంధం’ అనే మాట పందొమ్మిదో శతాబ్దపు ప్రొటెస్టెంటు మిషనరీల వెంట తెలుగునేలకు వచ్చిందన్నది సాధారణాభిప్రాయం. భావం వరకు ఇది చాలామటుకు నిజమే. ఆచారకర్మలకన్నా ఆంతరంగిక పరివర్తనకు, ఒక్కొక్క మనిషి పశ్చాత్తాపానికి ప్రాధాన్యమిచ్చిన ఎవాంజెలికల్ ధోరణి ముద్ర దానిపై స్పష్టంగా ఉంది. అయితే భావం వచ్చినంత మాత్రాన దానికి భాష వచ్చినట్లు కాదు. దేవుణ్ణి ఏమని పిలవాలి, పిలిచినవాడు తనను ఎవరుగా చెప్పుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు తెలుగులో సమాధానం వెదికినది ప్రసంగం కాదు, కీర్తన.

ఈ అన్వేషణలో తొలి ప్రముఖుడు పురుషోత్తమ చౌధరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన ఈయన వందకు పైగా కీర్తనలు రచించాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటంలో పాటల నెత్తిన రాగతాళాలు సూచించే పద్ధతి, పల్లవి చరణాల విభాగం, ముగింపు మంగళాలు చూస్తే ఆ సంప్రదాయం ఏ ఇంటిలో పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు. కాని పరిశోధకులు సాధారణంగా ఈ బాహ్యరూపం దగ్గరే ఆగిపోతున్నారు. రాగతాళాలకన్నా లోతుగా పనిచేసినవి సంబోధనలు.

చౌధరి ప్రసిద్ధ కీర్తన ‘త్రాహిమాం క్రీస్తునాథ’ పేరులోనే ఉన్న ‘నాథ’ శబ్దాన్ని గమనించాలి. దానికి ప్రభువు, రక్షకుడు, భర్త అన్న అర్థాలు మూడూ ఉన్నాయి. పరమగీతంలోని వధూవరుల వర్ణనను క్రీస్తుకు, సంఘానికి అన్వయించే వ్యాఖ్యాన సంప్రదాయానికి తెలుగులో దారి తెరవడానికి ఈ ఒక్క మాట చాలు. అంతకుమించి, ‘అనాథ’ అన్న మాట దీని నీడలోనే ఉంది. మతం మారి బంధువర్గానికి దూరమైనవాడు ‘నాథా’ అని పిలిచినప్పుడు తాను పోగొట్టుకున్న ఆశ్రయాన్ని కూడా ఆ పిలుపులో చెప్పుకుంటున్నాడు. ఆ తొలితరం సామాజికస్థితిని విడిచిపెట్టి దీనిని కేవలం అలంకారంగా చదవడం సరికాదు. ‘త్రాహి’ అన్న ఆర్తనాదం మాత్రం పాతదే; శతకకవులు, స్తోత్రకర్తలు ఎన్నోసార్లు వాడినదే.

తెలుగుకు ఇది కొత్త అనుభవం కాదని చెప్పడానికి మరాఠీ కవి నారాయణ వామన తిలక్ (1861–1919) ఉదాహరణ ఉపకరిస్తుంది. ఆయన 1895లో క్రైస్తవుడైన తర్వాత తుకారాం అభంగాల మార్గాన్నే క్రీస్తుభక్తికి వినియోగించాడు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెలుగు భక్తి వాఙ్మయంలో సాన్నిహిత్యానికి గట్టి గుర్తు స్తుతి కాదు, దెప్పిపొడుపు. రామదాసు తాను చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కచెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. ధూర్జటి కాళహస్తీశ్వరుని ముందు వాదానికి దిగుతాడు. పరాయివాణ్ణి ఎవరూ అలా దబాయించరు. భక్తి సంప్రదాయం నుండి రాగాన్ని, తాళాన్ని, ‘నాథ’ను, ‘త్రాహి’ని తెచ్చుకున్న క్రైస్తవ కీర్తన ఈ చనువును మాత్రం దాదాపుగా గుమ్మం బయటే వదిలింది.

దీనికి వేదాంతపరమైన కారణం లేకపోలేదు. రామదాసు దేవునికోసం ఖర్చుపెట్టినవాడు. అతని చేతిలో లెక్క ఉంది. క్రైస్తవ కీర్తనకారుడి స్థితి దీనికి తలకిందులు. వెల చెల్లించినవాడు సిలువపై ఉన్నాడు, తాను బాకీపడ్డవాడు. తెలుగు బైబిలులో మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థన పాపాన్ని ‘ఋణము’గానే చెబుతుంది. ఋణస్థుడు అప్పిచ్చినవాణ్ణి నిలదీయగలడా?

నిలదీయవచ్చునని బైబిలే చెబుతున్నది. 13వ కీర్తన, ఇంకా ఎంతకాలమన్న ప్రశ్నను మొదటి రెండు వచనాల్లోనే పదేపదే వేస్తుంది. 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా చీకటి ప్రస్తావనతో ముగుస్తుంది. ఆ కీర్తనకారుడి చేతిలో నగల లెక్క లేదు. అతడు దేవుని ప్రేమను, విశ్వాస్యతను ఆయనకే గుర్తుచేస్తాడు. అడిగే హక్కు అతనికి నిబంధన వల్ల వచ్చింది, తాను పెట్టిన ఖర్చు వల్ల కాదు. ఒకవైపు ఈ విలాపకీర్తనలు, మరొకవైపు రామదాసు నిష్ఠూరాలు అందుబాటులో ఉండి కూడా, రెండూ కలిసే చోటు తెలుగు క్రైస్తవ గీతంలో బలంగా ఏర్పడలేదు. కొత్తగా వచ్చిన విశ్వాసం ఇరుగుపొరుగు ముందు తన దేవుణ్ణి సమర్థించుకోవలసిన కాలంలో ఫిర్యాదుకు తావుండకపోవడం సహజమే. ఆ కాలం గడిచాక కూడా అదే మౌనం కొనసాగడం సహజం కాదు. ఆ మౌనం వల్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆరాధనలో తన మాటగా పాడుకోవడానికి సమాధానపడ్డ పాటే మిగిలింది. సమాధానపడకముందు పాడుకోదగిన పాట అరుదు.

భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాదు కేంద్రంగా నడిపిన హెబ్రోను ఉద్యమపు ‘సీయోను గీతములు’ వాక్యభాగాలను పాటలో అల్లడంవైపు మొగ్గాయి. వాటి బలం వేరు. ఇటీవలి గీతాల్లో మాత్రం ప్రియుడు, స్నేహితుడు, ప్రాణం వంటి సంబోధనలు గుప్పిస్తున్నారు. సంబోధన ఎంత తీయనైతే సంబంధం అంత లోతైనదన్న నమ్మకం వీటి వెనుక ఉన్నట్టుంది. నిజానికి చాలా పాటల్లో ఆ విశేషణాలను తీసివేస్తే పాడుతున్న మనిషి ఎవరో, ఏ కష్టంలో ఉన్నాడో తెలియదు. నాలుగో శతాబ్దం చివర ఆగస్టీను ‘ఒప్పుకోళ్లు’ గ్రంథాన్ని దేవుణ్ణి ‘నీవు’ అని పలకరిస్తూ సాగించినప్పుడు ఆ పిలుపుకు బరువునిచ్చినవి దొంగిలించిన పియరు పండ్లు, చనిపోయిన స్నేహితుడు, ఏడ్చిన తల్లి. చౌధరి కీర్తనల్లోనూ తన దోషాలను ఏకరువు పెట్టే ‘నేను’ ఉన్నాడు. కొత్త పాటల్లో ‘నీవు’ పెరిగినకొద్దీ ‘నేను’ పలచబడ్డాడు.

ఈ ‘నీవు’ విషయంలో మరొక సంగతి. తెలుగు బైబిలు కథనంలో యేసును ‘ఆయన’ అంటుంది. దేవుణ్ణి పిలిచేటప్పుడు ‘నీవు’ అంటుంది. భక్తికవుల వాడుకా ఇదే. కాని నేటి నోటి ప్రార్థనల్లో ‘ప్రభువా, మీరు’ అన్న పిలుపు వినిపిస్తున్నది. పాటలో ‘నీవు’ అన్నవారే పాట ముగిశాక కళ్లు మూసుకొని ‘మీరు’ అంటున్నారు. పెద్దలపట్ల మర్యాదగా ఏర్పడిన ఈ వాడుక ప్రార్థించేవారి మనసులో దేవుణ్ణి దగ్గర చేస్తున్నదా, దూరం జరుపుతున్నదా అన్నది ముద్రిత కీర్తనల పుస్తకాలను చూసి తేల్చగలిగింది కాదు. అందుకు ప్రార్థనకూటాల మాటను రికార్డు చేసి పరిశీలించాలి.