సత్రంలో దక్కిన నైట్ పదవి: ‘డాన్ క్విక్సోట్’లో సామ్రాజ్యసేవ, ప్రతిఫలం

సెర్వాంటెస్ నవల ‘డాన్ క్విక్సోట్’ (మొదటి భాగం 1605, రెండవ భాగం 1615)ను వీరగాథల మీద పరిహాసంగా చదవడం విమర్శలో స్థిరపడిన మార్గం. ఆ పఠనం తప్పు కాదు గాని, చాలదు. కథానాయకుడు కోరుకున్న నైట్ పదవికి ఆనాటి స్పెయిన్‌లో పుస్తకాల వెలుపల కూడా ఉనికి ఉంది. 12వ శతాబ్దంలో ఏర్పడిన సాంటియాగో సంఘం వంటి కాథలిక్ యోధ సంఘాల ఆధిపత్యం 1523లో పోప్ ఆరవ ఏడ్రియన్ అనుమతితో శాశ్వతంగా రాజుకు దఖలుపడింది. ముస్లిం రాజ్యాలతో పోరాడేందుకు పుట్టిన ఈ సంఘాల సభ్యత్వం క్రమంగా రాజు తన సేవకులకు పంచే గౌరవంగా, ఆదాయంగా మారింది. సాంటియాగో ఎర్ర శిలువ ధరించగోరేవాడు తన కులీనతను, వంశంలో యూదు, ముస్లిం రక్తం లేదన్న ‘శుద్ధి’ని నిరూపించుకోవాలి.

ఈ నేపథ్యంలో మొదటి భాగం మూడవ అధ్యాయాన్ని పరిశీలించాలి. జాగరణకు సత్రంలో ప్రార్థనామందిరం లేదు. బావి పక్కన నీళ్లతొట్టి మీద ఆయుధాలుంచి క్విక్సోట్ కాపలా కాస్తాడు. సత్రం యజమాని కంచరగాడిదలు తోలేవారికి అమ్మిన గడ్డి, బార్లీ లెక్కల పుస్తకాన్ని తెచ్చి, ప్రార్థన గొణిగినట్టు చదివి, మెడ మీద చేత్తో ఒకటి, వీపు మీద కత్తితో ఒకటి వేస్తాడు. కత్తి కట్టేదీ, మడమకు గుర్రపు ముల్లు తొడిగేదీ ఇద్దరు వేశ్యలు. వంశం సంగతి ఎవరూ అడగరు. అసలు సంఘాల్లో రహస్యంగా సాగే జమాఖర్చు ఈ సత్రంలో బాహాటంగా చదవబడుతుంది. హాస్యానికి పదును అక్కడ ఉంది.

సెర్వాంటెస్ ఎడమచేయి 1571 నాటి లెపాంటో నౌకాయుద్ధంలో పనికిరాకుండా పోయింది. 1575 నుంచి 1580 వరకు అల్జీర్స్‌లో బందీ. 1590లో అమెరికా వలసల్లో ఉద్యోగానికి అర్జీ పెడితే, ఇక్కడే ఏదైనా చూసుకోమన్నారు. జీవితాన్ని కృతికి నేరుగా అన్వయించడం ప్రమాదమే అయినా, బందీ కథ (39–41 అధ్యాయాలు) అందుకు తావిస్తుంది. లెపాంటోలో పోరాడిన సైనికుడు వట్టి చేతులతో తిరిగివస్తే, చదువుకున్న తమ్ముడు న్యాయాధికారిగా మెక్సికోకు బయలుదేరుతుంటాడు. అన్నదమ్ములు కలుసుకునేదీ ఒక సత్రంలోనే.

రెండవ భాగం 58వ అధ్యాయంలో ఒక గ్రామ బలిపీఠానికి తీసుకువెళుతున్న గుర్రపు పునీతుల విగ్రహాలు క్విక్సోట్‌కు ఎదురవుతాయి. మూర్‌ల తలలు తొక్కుతున్న సాంటియాగో వాటిలో ఒకడు. క్విక్సోట్ వారందరినీ తన వృత్తివారిగానే గుర్తించి మెచ్చుకుంటాడు. ఆ వెంటనే, వారు స్వర్గాన్ని గెలుచుకున్నారనీ, ఇన్ని కష్టాలు పడి తాను గెలుచుకుంటున్నదేమిటో ఇప్పటికీ తనకు తెలియదనీ అంటాడు.